అత్తమ్మ మెటికలు

తొంభైల చివర్లో మాట. కామారెడ్డి నర్సింగ్ హోమ్‌లో పొట్టకు మూడు చిన్న రంధ్రాలు పెట్టి నా గర్భసంచిలోని గడ్డ తీశారు. మర్నాడు పొద్దున్నే ఎల్లారెడ్డి నుంచి మా అత్తమ్మ వచ్చింది. "నా బిడ్డకు ఎవరి దిష్టి తాకిందో" అంటూ మెటికలు విరవడానికి రెండు చేతులతో నా చెంపలు నిమిరింది. ఆమె వేళ్లింకా నా ముఖం మీదే ఉన్నాయి, చర్మం కింద చిటచిటమని చప్పుడు! చూస్తే మెడ కూడా ఉబ్బింది.

"ఏంది బిడ్డా, మొకం గిట్ల చిటచిటమంటుంది?" అని అత్తమ్మ ఏడుపందుకుంది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

డాక్టరమ్మ వచ్చి మెడ నొక్కి చూశారు. "ఆపరేషన్ చేసేటప్పుడు లోపల మంచిగ కనబడాలని పొట్టల నింపిన గ్యాస్ చర్మం కిందికి పాకింది. ఎవరికో ఒకరికి గిట్లయితది. రెండు మూడు రోజులల్ల అదే పోతది" అన్నారు.

మూడో రోజు అత్తమ్మ భయం భయంగా మళ్లీ నిమిరింది. చప్పుడు లేదు. చేతులు తన కణతలకు ఆనించుకోగానే మెటికలు పటపటా విరిగాయి. దిష్టి సంగతి నాకు తెలియదు కానీ, ఈసారి చప్పుడు ఆమె వేళ్లదేనని, పొట్ట మీది కుట్లు లాగి నొప్పి పుట్టేదాకా నవ్వాను.