కొర్రమట్టకు ముల్లుండదన్న రోజు

ఒక చేప ముక్క నా పెళ్లిని ఆపబోయింది. తప్పు చేపది కాదు, నాది. చదువుతూ మీరు నవ్వుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు. ఆ రోజు నాకు మాత్రం ముచ్చెమటలు పట్టాయి.

అప్పుడు నేను బాన్సువాడలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి. పక్క కుర్చీలో సునీత. ఇద్దరం పెళ్లి చేసుకోవాలనుకున్నాం. వాళ్ల నాన్న గంగారాం బీర్కూర్ దగ్గర మంజీరలో వల వేసి పిల్లలను చదివించిన మనిషి. ఆయన ఒప్పుకుంటేనే పెళ్లి, లేదంటే లేదని సునీత తేల్చి చెప్పేసింది. ఆయనేమో మృగశిర కార్తె నాడు, ఊరంతా చేపల పులుసు వాసనతో ఘుమఘుమలాడే రోజు, నన్ను భోజనానికి పిలిచాడు.

"నాయనకు గొప్పలు చెప్పెటోళ్లు గిట్టరు. చేపల ముచ్చట తీస్తే తెల్వదను, నేర్చుకుంటనను," అంది సునీత.

ఇంత తేలికైన సలహా పాటిస్తే నేను నేనెందుకవుతాను? మా ఇంట్లో చేప ఏడాదికి ఒక్కసారే, అదీ ఈ కార్తెకే. అందుకని రెండు రోజులు ఫోన్లో వీడియోలు చూసి మహా పండితుణ్ణయిపోయాను.

సునీత వండిన చేపలను గంగారాం మూడు గిన్నెల్లో నా ముందు పెట్టాడు. "చెరువుల పెంచినయి గావు, అన్ని మంజీరల పట్టినయే. ఏది ఏం చేపనో, ఏది రుచో, ఏది బలమో చెప్పు సూద్దం."

"చెప్త మామా."

"ఇంకా మామను గాలే. తిను."

మొదటి గిన్నెలో వేలెడంత చేపలు. "ఇవి పరకలు. ముండ్లతోని నములుతం, కాల్షియమంత వీట్లనే." ఆయన తలూపాడు. రెండో దాంట్లో నూనె తేలిన మెత్తటి ముక్క. "వాలుగ. కొవ్వెక్కువ, అందుకే రుచి." తల మళ్లీ ఊగింది. తలుపు వెనక సునీత నవ్వింది. ఇక నన్ను పట్టేవాళ్లు లేరు.

మూడో గిన్నెలో గుండ్రటి ముక్క. "కొర్రమట్ట! బలమంటే దీనిదే. దవాఖాన నుంచి ఇంటికొచ్చినోళ్లకు గిదే వండిపెడ్తరు. నడుమ ఒక్కటే ముల్లు. కండ్లు మూసుకొని తినొచ్చు."

"పక్కానా?"

"పక్కా."

నిజంగానే కళ్లు మూసుకుని సగం ముక్క నోట్లో వేసుకున్నాను. మింగాను. గొంతులో ఏదో అడ్డంగా దిగింది.

నా ఇరకాటం చూడండి. ముల్లు గుచ్చుకుందంటే అది కొర్రమట్ట కాదని నేనే ఒప్పుకున్నట్టు. అనకపోతే ఊపిరి ఆగేలా ఉంది. మీరైతే ప్రాణం దక్కించుకుంటారు. నేను పరువు వైపు మొగ్గాను.

"ఏమైంది పిలగా? ముల్లా?"

"కొర్రమట్టకు... ముండ్లెక్కడియి?"

"మరి కండ్లల్ల నీళ్లెందుకొస్తున్నయి?"

"వంట... అంత బాగుంది."

ఉత్త అన్నం ముద్దలు మింగాను. కదల్లేదు. చెంబెడు నీళ్లు తాగాను. అరటిపండు నమలకుండా మింగాను. ముల్లు ఇంకా లోపలికి దిగింది. దగ్గితే అరచేతిలో రక్తపు చార కనబడింది. అప్పుడు మాత్రం చచ్చేంత భయం వేసింది.

"నాయనా, బండి తియ్యి!" అని సునీత కేక పెట్టింది.

గంగారాం బైకు నడుపుతుంటే, నేను మధ్యలో, నన్ను పట్టుకుని సునీత వెనక. బాన్సువాడ దవాఖాన దాకా ఆయన అద్దంలో నన్ను చూసి తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. పెళ్లి దారిలోనే ఎక్కడో జారిపోయిందని నాకర్థమైంది. ఏడుద్దామన్నా గొంతు సహకరించలేదు.

డాక్టరు పట్టకారుతో ముల్లు లాగి ట్రేలో పడేశాడు. గంగారాం కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూశాడు.

"కొసకు రెండు పాయలున్నయి సూడు. గిది రవ్వ చేప తోక ముక్క. ఒళ్లంత ముండ్లే. ఇప్పుడు చెప్పు, ఏం చేప?"

"రవ్వ," అన్నాను బొంగురుగా.

సునీత ఏడుపు మొదలుపెట్టింది. "నాయనా, ఆయనకు చేపలు తెల్వయి, గంతే. మనిషి మంచోడు."

"చేపలు తెల్వకుంటే నేను నేర్పుత," అన్నాడు గంగారాం. "గని గొంతుల ముల్లు దిగినా వంట బాగున్నదన్నడు సూడు. నీ వంట తినెటందుకు గిసోంటోడే గావాలె బిడ్డా. లగ్గం పెట్టుకుందం."

ఆ దవాఖాన బల్ల మీదే నేను శపథం చేశాను. ఈ జన్మలో నా కంచంలోకి వచ్చిన ఏ చేపకూ నేను పేరు పెట్టను. పరకను చూపించి తిమింగలమన్నా తలూపి, ముల్లు తీసుకుని, మెల్లగా తింటాను.