రసాల టీములో తీసివేత లేదు

బసవపున్నారావు ఒక తగాదా నెగ్గడం వెంకాయమ్మ కళ్ళారా చూసింది. చూసింది గాని చెవులారా వినలేదు, ఎందుకంటే ఆ తగాదాకి చప్పుడే లేదు. తిట్టు లేదు, జుట్టు పట్టుకోవడం లేదు, మధ్యలోకి వచ్చి ఆపినవాళ్ళు లేరు. వంటింటి గుమ్మం పక్కన బల్ల వేసుకుని మూడు రోజులపాటు ల్యాప్‌టాప్ మీద టకటకా కొట్టుకుంటూ పోయాడంతే. అవతలివాడు అమెరికాలో ఉన్నాడట. పేరు డగ్లస్ అట.

వెంకాయమ్మకి డెబ్బై రెండేళ్ళు. బడిలో చదివింది మూడో తరగతి, అదీ దసరా సెలవుల దాకానే. తగాదాల్లో మాత్రం ఆవిడ చదువు పెద్దది. కుళాయి దగ్గర గాని, పొలం గట్టు మీద గాని, మామిడికాయల లారీ దగ్గర గాని ఆవిడతో మాటకి మాట అని నెగ్గిన మనిషి రెడ్డిగూడెం నుంచి నూజివీడు దాకా లేడు. అలాంటి మనిషికి సొంత తమ్ముడి మూగ తగాదా చూస్తే ఒళ్ళు మండింది.

"గట్టిగా ఒక్క మాటన్నా అనవేంట్రా?"

"అన్నానక్కా. పదిహేడో పేరాలో అన్నాను."

"ఏమన్నావు?"

"తమరి నిర్ణయం మమ్ములను మిక్కిలి విచారమునకు గురిచేసినది, అన్నాను."

వెంకాయమ్మ పోయి పప్పు చూసుకుంది.

మూడోనాడు సాయంత్రానికి డగ్లస్ లొంగిపోయాడు. నలభై రెండు పేరాలు, ఆరు అనుబంధాలు చదివాక ఎవడైనా లొంగుతాడు. అవతలివాడి నోరు మూయించి నెగ్గేవాళ్ళు కొందరు, అవతలివాడి ఓపిక తినేసి నెగ్గేవాళ్ళు కొందరు. బసవపున్నారావు రెండో రకం.

ఇంతకీ తగాదా దేనికంటే, వాళ్ళ టీములో రెండేళ్ళుగా ఒక్క బంతి కూడా పట్టని ఆటగాడు ఒకడున్నాడు. వాణ్ణి తీసెయ్యమని ఆ ఆటలు నడిపే డగ్లస్, తియ్యనని బసవపున్నారావు. ఆయనకున్న జబ్బే అది. చేరినవాణ్ణి తియ్యడు. కూడిక వచ్చుగాని తీసివేత నేర్చుకోని మనిషి. అయిదో అనుబంధంలో పెరటి మామిడిచెట్టు ఫొటో పెట్టి కింద కోర్టు ఇంగ్లీషులో ఈ అర్థం వచ్చేలా రాశాడు: "మా ప్రాంతమున మామిడి ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు ఆకులు చూపి ఊరుకొనును. ఆ ఏడు గొడ్డలి తెచ్చువాడు రైతు కానేరడు." డగ్లస్‌కి ఆ సంగతి తెలీదట. చెట్టు బాగుందని రాశాడట.

కానీ వాడూ తక్కువవాడు కాదు, ఒక మెలిక పెట్టాడు. నీకు కావలసినవాణ్ణి ఉంచుకో. మరి ప్రతి బుధవారం మన సాయంత్రం ఆరింటిలోగా నీ టీములో ఇరవై నాలుగుమంది బతికున్న మనుషులు వచ్చి ఎవరి బటన్ వాళ్ళు నొక్కాలి. ఒక్కరు తగ్గినా టీము మూసేస్తాం. బసవపున్నారావు ఆనందంగా ఒప్పుకున్నాడు. నెగ్గిన తగాదా ఎంతకి కూర్చుందో తర్వాత గాని తెలీదని వెంకాయమ్మకి అనుభవం. చెప్పలేదు. చెప్పీ చెప్పీ విసిగి ఉంది.

అసలు ఈ రొంపిలో దిగడమే విడ్డూరం. కోర్టు ఎదురుగా రేకుల షెడ్డులో ముప్పై నాలుగేళ్ళు టైపు మిషను కొట్టిన మనిషి. అర్జీలు, అఫిడవిట్లు, నోటీసులు. మిషను మూలపడ్డాక కాలేజీ క్యాంపస్ దగ్గర పాత ల్యాప్‌టాప్ ఒకటి కొన్నాడు గాని కొట్టడానికి ఏమీ లేదు. వేళ్ళు దురద. ఒకరోజు తెర మీద ఇంగ్లీషులో ఏదో దరఖాస్తు కనబడింది. ఖాళీ దరఖాస్తు కనబడితే నింపకుండా ఉండలేడు, అది వృత్తితో వచ్చిన అలవాటు. తండ్రి పేరు అడగకపోయినా రాశాడు. నింపి పంపేశాక తెలిసింది, తను అమెరికన్ ఫుట్‌బాల్ టీముకి యజమాని అయ్యానని. ఇచ్చిన దరఖాస్తు వెనక్కి తీసుకోవడం మర్యాద కాదని ఉండిపోయాడు. టీముకి నూజివీడు రసాలు అని పేరు పెట్టాడు.

ఆట ఏంటో వెంకాయమ్మకి ఆరుసార్లు చెప్పాడు. బంతి కొబ్బరిబోండాం అంత ఉంటుంది, రెండు కొసలా మొన తేలి ఉంటుంది. పదకొండుమంది పదకొండుమందిని గుద్దుకుంటూ దాన్ని అవతలి గట్టుకి చేర్చాలి. అదీ నిజంగా కాదు. మైదానం లేదు, బంతి లేదు. ఒక్కొక్క మనిషి ఒక్కొక్క ఆటగాణ్ణి కంప్యూటర్లో పుట్టించి, ఎత్తూ బరువూ రాసి, వారానికోసారి బటన్ నొక్కి వాడిచేత కసరత్తు చేయిస్తాడు. మ్యాచి కంప్యూటరే లెక్కగట్టి, ఎవడు పరిగెత్తాడో ఎవడు పడ్డాడో వరసలు వరసలుగా రాసి పంపుతుంది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటే ఇదేనని వెంకాయమ్మ తేల్చేసింది. బటన్లు నొక్కేవాళ్ళంతా పనిలేని తెల్లవాళ్ళని కూడా తేల్చేసింది.

అయినా గురువారం పొద్దున్నే ఇడ్లీ పెడుతూ అడగకుండా ఉండలేకపోయేది.

"ఎంత?"

"యాభై ఆరు, మూడు."

"మనది యాభై ఆరా?"

"మనది మూడక్కా."

"ఆ ఎనభై ఎనిమిది?"

"వేళ్ళకి తగిలింది. పోయిన వారం తగల్లేదు."

ఎనభై ఎనిమిది అంటే ఆ పట్టనివాడి చొక్కా నంబరు. వాడి పేరు బసవపున్నారావు ఎప్పుడూ చెప్పలేదు, నంబరుతోనే చెప్పేవాడు. వెంకాయమ్మ జీవితంలో చాలామందిని తిట్టింది గాని, లేని మనిషిని రెండేళ్ళపాటు తిట్టింది ఈ ఎనభై ఎనిమిదినే. ఆవిడకి బంతి పట్టడమంటే ఏంటో తెలుసు. చిన్నప్పటి నుంచీ మామిడితోటల్లో కోత కూలీలతో తిరిగిన మనిషి. కోతగెడకి కట్టిన చిక్కంలోంచి జారిన కాయని కిందవాడు నేల తగలనివ్వకుండా ఒడిసిపట్టాలి. నేల తగిలిన కాయ రెండోరోజుకి నల్లబడుతుంది. ఈ ఎనభై ఎనిమిదిని తన తోటలో అయితే ఒక్కపూట ఉంచనని, మజ్జిగ కూడా పొయ్యకుండా పంపేస్తానని ఆవిడ నిశ్చయం. బసవపున్నారావు తలొంచుకుని ఇడ్లీ తినేవాడు. ఆ ఏడు మొత్తం మీద పదహారు మ్యాచిలు ఓడారు. ఒకటి వానవల్ల ఆగిందని వెంకాయమ్మ సంతోషించబోయింది. లేని మైదానంలో వాన పడదక్కా, కరెంటు పోయి ఫలితం ఆలస్యమైంది, అది కూడా ఓడాం అన్నాడు.

మే నెలలో ఒక బుధవారం డగ్లస్ పెట్టిన మెలిక బిగిసింది. ఇరవై నాలుగుమందిలో ఒకరు తగ్గారు. ఎవరో ప్రమీలారాణి అట, కూతురి కాన్పుకి వెళ్ళి పాస్‌వర్డు మర్చిపోయి, ఇక నావల్ల కాదని కబురంపింది. తెల్లవాళ్ళలో ప్రమీలారాణి ఏంటో వెంకాయమ్మకి అర్థం కాలేదు. సాయంత్రం ఆరింటికి ఇరవై నాలుగో మనిషి లేకపోతే రసాలు ఉండవు. బసవపున్నారావు కాఫీ కూడా తాగకుండా షెడ్డుకి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం అన్నానికి రాలేదు. ఇన్నేళ్ళలో ఓడిపోయి అన్నం మానలేదు. మూడు పాయింట్లు వచ్చినరోజు కూడా రెండో మారు పెట్టించుకున్నాడు.

నాలుగింటికి వెంకాయమ్మ క్యారేజీ పట్టుకుని ఆటో ఎక్కింది. ఆ ఎండలో, ఆ మోకాళ్ళతో, దారి పొడుగునా తమ్ముణ్ణీ డగ్లస్‌నీ ఎనభై ఎనిమిదినీ వరసగా తిట్టుకుంటూనే వెళ్ళింది. తిట్టడానికి కూడా ఓపిక కావాలి. కోర్టు దగ్గర దిగేసరికి డగ్లస్ దగ్గరే ఆగిపోయింది.

షెడ్డులో బసవపున్నారావు లేడు. ఎవరైనా దొరుకుతారేమోనని బజారంతా తిరుగుతున్నాడట. ఆయన కుర్చీ చుట్టూ ఏడెనిమిదిమంది ఫోన్లు పట్టుకుని కూర్చుని ఉన్నారు. అందరూ మన మొహాలే. చక్రాల కుర్చీలో నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి ఒకడు. పక్కనే పైటచెంగుతో విసురుతున్న భార్య. ఆవిడ లేచి వెంకాయమ్మకి బల్ల చూపించింది.

"మీరు బాబుగారి అక్కగారా అండీ? కూర్చోండి మామ్మగారూ. నా పేరు సుసన్నా అండి. ఈయన మా ఆయన, పరదేశి. జి. కొండూరు నుంచి వచ్చామండి."

"బుధవారాలు ఇక్కడేం పని మీకు?"

సుసన్నా గొంతు తగ్గించింది. మూడేళ్ళ కిందట పరదేశి కోతలో చెట్టు మీంచి పడ్డాడట. నడుం కింద పని చెయ్యదు. మా తోటలో పనే చెయ్యలేదు పొమ్మన్నాడట తోట వేలంపాటలో తీసుకున్నవాడు. అర్జీ బాబుగారే కొట్టారు. సాక్షి లేక కేసు పోయింది. ఆ తర్వాత పరదేశి ఏడాదిపాటు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఒకనాడు బాబుగారు ఆటోలో వచ్చి, నువ్వు ఆటలో చేరావు, దరఖాస్తు నేనే నింపాను, బటన్ నువ్వు నొక్కాలి అన్నారట.

"ఇప్పుడు బుధవారం వస్తే పొద్దున్నే లేచి గడ్డం గీసుకుంటాడండి," అంది. "చొక్కా ఇస్త్రీ లేకపోతే నన్ను కేకలేస్తాడు. ఇంట్లో కేకలు వినపడి ఎన్నాళ్ళయిందో."

మిగతావాళ్ళ కథలూ అంతే. కాపలా ఉద్యోగం పోయినవాడు ఒకడు. గట్టు తగాదాలో రెండు సెంట్లు పోగొట్టుకున్నవాడు ఒకడు. పందెంలో పట్టుబడ్డ కోడి తనది కాదని పదేళ్ళు వాదించి, చివరికి కోడే ఆయన్ని గుర్తుపట్టడంతో ఓడినవాడు ఇంకొకడు. ఇరవై నాలుగుమందీ బసవపున్నారావు అర్జీ కొట్టగా కేసు ఓడిపోయినవాళ్ళు. నెగ్గినవాళ్ళు మళ్ళీ షెడ్డు మొహం చూడరు. ఓడినవాళ్ళని ఆయనే వెతుక్కుంటూ వెళ్ళి చేర్చుకున్నాడు.

వెంకాయమ్మకి ఎక్కడో అనుమానం తగిలింది. పరదేశి వైపు తిరిగి, నీ నంబరెంత అని అడిగింది.

"ఎనభై ఎనిమిదండి."

ఆవిడ క్యారేజీ మూత తీసి మళ్ళీ పెట్టింది.

"మీరు నన్ను ప్రతి గురువారం తిడతారని బాబుగారు చెప్పారండి," అన్నాడు పరదేశి. మొహంలో నవ్వు. "ఏం తిట్టారో అడిగి తెలుసుకుంటానండి. మంచంలో ఉన్నప్పుడు అందరూ జాలిపడ్డవాళ్ళేగాని తిట్టినవాళ్ళు లేరు. బంతి పట్టలేదని తిట్టారంటే, పట్టగలననేగా?"

"పట్టాలి మరి," అంది వెంకాయమ్మ. "చూపు బంతి మీద ఉండాలి. మీ బాబుగారి మొహం చూస్తూ కూర్చుంటే ఏం పడతావు?"

అయిదింబావుకి బసవపున్నారావు చెమటతో తడిసి వచ్చాడు. ఎవరూ దొరకలేదు. కోడి కేసు ఆయన, ఇంకో పేరుతో నేనే రెండోసారి నొక్కేస్తాను పోనిద్దురూ అన్నాడు. ముప్పై నాలుగేళ్ళలో దొంగ సంతకం పెట్టించలేదు, ఇప్పుడు పెట్టించను అన్నాడు బసవపున్నారావు. అని కుర్చీలో కూలబడ్డాడు. పరదేశి చొక్కా చేతులు కిందికి దించుకుని గుండీలు పెట్టుకున్నాడు.

వెంకాయమ్మకి తమ్ముడి మీద కోపం వచ్చింది. కానీ ఇది వేరే కోపం.

"ఊరంతా తిరిగావు. నేను కనపళ్ళేదా నీకు?"

బసవపున్నారావు నేల చూశాడు. "మన టీముకి ఒక నియమం ఉందక్కా. ఓడినవాళ్ళనే చేర్చుకుంటాం. నువ్వు ఓడిన తగాదా ఒక్కటన్నా ఉంటే ఎప్పుడో అడిగేవాణ్ణి."

షెడ్డులో అందరూ ఆవిడ వైపు చూశారు. వెంకాయమ్మ తన తగాదాలన్నీ తిరగేసింది. నిజంగానే ఒక్కటీ తట్టలేదు. చివరికి క్యారేజీ బల్ల మీద పెట్టి, పరదేశిని చేత్తో చూపించింది.

"ఇతన్ని తీసెయ్యమని రెండేళ్ళు పోట్లాడాను నీతో. నువ్వు తియ్యలేదు. ఓడినట్టే. రాసుకో."

బసవపున్నారావు ల్యాప్‌టాప్ తెరిచాడు. ఖాళీ దరఖాస్తు చూడగానే వేళ్ళకి ప్రాణం వచ్చింది. ఎత్తు ఎంత రాయమంటావంటే, గుమ్మానికి తల తగిలేంత అంది. బరువంటే రెండు బస్తాల కాయ అంది. ఊరికే బంతి పట్టుకుని పరిగెత్తే పని నాకొద్దు, నా మోకాళ్ళు ఒప్పుకోవు అని ముందే చెప్పేసింది. ఆవిడ సీరియళ్ళు చూసే ఫోను తీసుకుని, అందులో బటన్ ఎక్కడుంటుందో చూపించి, వేలు పట్టుకుని దాని మీద పెట్టించాడు. ఆరుకి ఇంకా పదకొండు నిమిషాలున్నాయి.

"మరి నేను చెయ్యాల్సిందేంటి?"

"మనవాడు బంతి పట్టుకునేదాకా అవతలివాళ్ళు వాడి మీద పడిపోకుండా ముందు వరసలో అడ్డంగా నిలబడాలక్కా," అన్నాడు బసవపున్నారావు. "నీ పేరు ఎక్కడా రాయరు, చప్పట్లు కొట్టరు. ఎవరొచ్చి గుద్దినా, ఎంత గుద్దినా, నువ్వు మాత్రం పక్కకి జరక్కు."