మూడు శ్వాసల మాస్టారు

మాస్టారిని మీరేమడిగినా సరే, ముందు మూడు శ్వాసలు, తరవాతే జవాబు. టీ తాగుతారా అంటే కళ్ళు మూసుకుని, మూడుసార్లు నింపాదిగా గాలి పీల్చి వదిలి, అప్పుడు తాగుతానంటాడు. ఈలోగా టీ తెచ్చిన ఆయా ఇంకో వార్డులో ఉంటుంది.

బౌద్ధ విహారంలో కొన్నేళ్ళుండి వచ్చి లైఫ్ కోచ్ అవతారమెత్తిన మనిషి. వృద్ధుల సంరక్షణ కేంద్రంలో సిబ్బందికి ఓపిక నేర్పమని యాజమాన్యం ఆయన్ని తెచ్చి హెడ్ నర్సు నెత్తిన పెట్టింది. హెడ్ నర్సేమో ఎదుటివాళ్ళు సగం మాట అనేసరికి మిగతా సగం తనే పూర్తిచేసి, ఆ పని కూడా ముగించేసే రకం. మొదటిరోజే లిఫ్టులో ఏ అంతస్తని ఆయన్ని అడిగింది. జవాబు వచ్చేసరికి లిఫ్టు పైకెళ్ళి మళ్ళీ కిందికి వచ్చేసింది. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

"నిప్పంటుకుంటే ఏం చేస్తారు మాస్టారూ?" అని అడిగిందోసారి.

మూడు శ్వాసలయ్యాక ఆయన శాంతంగా, "పరిగెడతానండీ," అన్నాడు.

ఇలా ఉండగా ఏడో గదిలో టీచరమ్మ భోజనం మానేసింది. పక్షవాతం వచ్చినప్పటినుంచీ ఆవిడకి మాటకీ మాటకీ మధ్య చాలాసేపు పడుతుంది. "నా..." అనగానే ఒకరు నొప్పా అంటారు, ఒకరు నీళ్ళా అంటారు, హెడ్ నర్సు దుప్పటి కప్పేస్తుంది. రెండుసార్లు కట్టుడు పళ్ళు ఊసేస్తే, మొండికేసిందనుకుని హెడ్ నర్సే కడిగి మళ్ళీ పెట్టింది. సాయంత్రానికి తినకపోతే ముక్కులో గొట్టం వేస్తానని డాక్టరు చెప్పి వెళ్ళాడు. టీచరమ్మ కళ్ళలో భయం హెడ్ నర్సు కంటపడింది. వేరే దారిలేక మాస్టారిని పిలిచింది.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, ఏం కావాలని అడిగి ఊరుకున్నాడు. "నా..." అంది టీచరమ్మ. హెడ్ నర్సు నాలుక కొసదాకా వచ్చిన మాటని కష్టంమీద మింగింది. మూడు శ్వాసలయ్యాయి. పదయ్యాయి.

"నా... పళ్ళు... కావు... ఇవి."

హెడ్ నర్సుకి నెత్తిన పిడుగు పడ్డట్టయింది. మొన్న టైము కలిసొస్తుందని రెండు గదుల కట్టుడు పళ్ళూ ఒకే గిన్నెలో వేసి కడిగింది తనే. పక్కగదిలో తాతగారు రెండురోజులుగా ఒకటే నవ్వుముఖం. కోలుకుంటున్నాడని అందరూ సంతోషించారు గానీ, పాపం ఆయనకి నోరు మూతపడటం లేదని ఎవరికీ తట్టలేదు.

వరండాలోకి వచ్చాక, మీ ధ్యానానికి ఇంత మహిమ ఉందనుకోలేదని ఒప్పుకుంది. ఆయన యథాప్రకారం ఆగి, చెప్పాడు.

"మహిమేం లేదు సిస్టర్. ఒకప్పుడు నేనూ మీలాగే. మా అమ్మ ఏదో చెప్పబోతే నేనే పూర్తిచేసేవాణ్ణి. అందుకే ఇప్పుడు ఎవరేమన్నా, వాళ్ళింకా చెప్పాల్సింది ఏమైనా ఉందేమోనని కాస్త ఆగుతాను."

ఇన్నాళ్ళూ ఈ మనిషిని తిట్టుకున్నందుకు ఆవిడకి సిగ్గేసింది.

సాయంత్రం డాక్టరు వచ్చేసరికి టీచరమ్మ సొంత పళ్ళతో నాలుగు ముద్దలు తినేసింది. గొట్టం సంచీలోనే ఉండిపోయింది. ఐదో ముద్దకి ఆవిడ చెయ్యి అడ్డుపెట్టి, "అమ్మా..." అంది. హెడ్ నర్సు గిన్నె పక్కనపెట్టి, తొందరేం లేదని చెప్పి, ఆవిడ ముఖంలోకి చూస్తూ కూర్చుంది. గోడగడియారంలో నిమిషం గడిచింది.

"ఉప్పు... లేదు."

హెడ్ నర్సు పకపకా నవ్వుతూ వంటగదికి పరిగెత్తింది.