దక్షిణం గోడ

మా అన్న చేతిలో దెబ్బలు తిన్నాను, అన్నను నెత్తురు కారేలా కొట్టాను. ఆస్తి కోసం కాదు, మిద్దె మీద సోలార్ ప్యానెళ్ళు ఏ దిక్కుకు చూడాలన్నదాని కోసం. చెబితే నవ్వుతారు. నవ్వండి, నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చిత్తూరులో నాయన కట్టిన ఇంట్లో కింద అన్నా వదినా, పైన చెల్లెల్ని నేనూ నా ఎంబ్రాయిడరీ మిషనూ. పెళ్ళి రవికలు కుడతాను. పువ్వు సగంలో ఉండగా కరెంటు పోతే సూది ఆగిపోతుంది. మళ్ళీ మొదలుపెడితే గీత తప్పి పట్టు పాడవుతుంది. పెళ్ళివాళ్ళ చేత మాటలు పడలేక బ్యాటరీతో సహా సోలార్ పెట్టించుకున్నాను. బిగించడానికి వచ్చినవాళ్ళు ప్యానెళ్ళను దక్షిణానికి వాల్చారు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండ ఆ పక్కనుంచే పడుతుందన్నారు.

దక్షిణానికి వాలాలంటే ఉత్తరం వైపు స్టాండు కాళ్ళు పొడుగ్గా ఉండాలి. అక్కడే అన్న కన్ను పడింది. వాస్తు ప్రకారం దక్షిణం ఎత్తు, ఉత్తరం పల్లం ఉండాలి. తలకిందులైతే ఇంటి పెద్దకు గండమని ఎవరో సిద్ధాంతి చెప్పాడట. అన్నకు ఆ మధ్యే గుండెకు స్టెంటు వేశారు.

“ఉత్తరానికి తిప్పించు మే,” అన్నాడు.

“తిప్పితే ఎండ గూడా తిరుగుతాదా అన్నా? పోయి మీ సిద్ధాంతిని అడుగు,” అన్నాను.

దారాల కోసం తిరుపతి వెళ్ళి మరునాడు తిరిగొచ్చేసరికి దక్షిణం పిట్టగోడ మనిషెత్తు లేచి ఉంది. మార్గశిరం, సూర్యుడు దక్షిణాన కిందుగా పోయే కాలం. గోడ నీడ ప్యానెళ్ళ కింది వరస మీద నల్లగా పడింది. ఒక వరస నీడలో ఉంటే మిగతావీ సరిగ్గా కరెంటివ్వక చతికిలబడతాయి. అన్న మాత్రం గొప్ప ఉపాయం చేసినట్టు నవ్వాడు.

“నీ ప్యానెళ్ళు ముట్టుకోలేదు సూడు. ఈ పక్క గోడ లేపితే దోషం పోతాదన్నారు. ఇంక మనకేం గొడవ లేదు మే.”

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. నీడ సంగతి ఎంత చెప్పినా అన్న చెవికెక్కలేదు. ఆ సాయంత్రం కరెంటు పోయింది. బ్యాటరీలో పస లేదు. పెళ్ళికూతురి రవిక మీద నెమలి మెడ దగ్గర సూది ఆగిపోయింది.

తెల్లారగానే గడ్డపార పట్టుకుని మిద్దెక్కాను. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. నాలుగు పోట్లకే సగం గోడ కూలింది. చప్పుడుకు అన్న పరుగెత్తుకొచ్చాడు. వెనకనుంచి నా జుట్టు పట్టి లాగి చెంప మీద కొట్టాడు, నోట్లో ఉప్పగా నెత్తురు తగిలింది. మోచేత్తో రొమ్ములో పొడిచాను. స్టెంటు మాట ఆ కోపంలో నాకు గుర్తు రాలేదు. అన్న ఇటుక ఎత్తి ప్యానెల్ మీద కొట్టాడు. అద్దం రాలలేదు, ఈ చివరనుంచి ఆ చివరదాకా తెల్లగా పగుళ్ళిచ్చింది. రెండోదాన్నీ కొట్టాడు. నా మిషన్ గొంతు నులుముతున్నట్టే అనిపించింది నాకు. చేతికందిన ఇటుక ముక్క విసిరాను. అన్న నుదుటి మీద తగిలింది.

మెట్ల మీదనుంచి వదిన కేకలు పెడుతోంది. అన్న నా మీదికి మళ్ళీ రాలేదు. నెత్తురు కంట్లోకి కారుతున్నా చెయ్యి నుదుటికి పోలేదు, రొమ్ము మీదే ఉంది. అలాగే చతికిలబడి, రెండో చేత్తో పడిపోయిన ఇటుకలను ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టాడు.

“ఇంకా కడతావా? సిగ్గు లేదా నీకు?” అని అరిచాను.

తలెత్తకుండానే ఇంకో ఇటుక అందుకున్నాడు.

“బయంగా ఉండాది మే,” అన్నాడు. “నాకు సావాలని లేదు.”