బాబాయి చూసిన తప్పు

మా ఆఫీసులో అందరం ఆయన్ని బాబాయి అనేవాళ్ళం. పాతికేళ్ళు రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేశారు. వాటిని కొనేవాళ్ళే లేకుండా పోయాక, యాభై దాటిన వయసులో మా దగ్గర టెస్టర్‌గా చేరారు. మేం రాసిన యాప్‌లను వాడి చూసి తప్పులు పట్టుకోవడం ఆయన పని. మేం కుర్చీలో కూర్చుని బుద్ధిగా నొక్కి చూసేవాళ్ళం. ఆయన మెట్లెక్కుతూ నొక్కేవారు, తడిచేత్తో నొక్కేవారు, ఫారం సగం నింపి మంచినీళ్ళకి వెళ్ళిపోయేవారు. "జనం మీలా కుదురుగా ఉంటారనుకున్నావా అమ్మా?" అని నవ్వేవారు. ఒక తప్పు దొరికిందంటే దిద్దేదాకా జిడ్డులా వదిలేవారు కాదు. ఆయన నా బల్ల వైపు వస్తుంటే నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడా మాట చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

ఒక ఆసుపత్రికి డాక్టరు అపాయింట్‌మెంట్లు తీసుకునే యాప్ నేనే రాశాను. ఒకరోజు బాబాయి వచ్చి, "ఫారం నింపుతుంటే మీ పిన్ని ఫోన్ చేసింది. మాట్లాడి తిరిగొచ్చేసరికి యాప్ మూసుకుపోయింది," అన్నారు.

నేను తలెత్తకుండానే, "మీ ఫోన్ పాతదైపోయింది బాబాయ్. ఇంకెన్నాళ్ళు వాడతారు దాన్ని?" అన్నాను.

ఆయన ఫోన్‌ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, "అంతేనంటావా?" అని వెళ్ళిపోయారు. నా మాట నమ్మి తప్పుల పట్టికలో రాయలేదు.

యాప్ జనంలోకి వెళ్ళిన వారానికే, ఫారం మధ్యలో మూసుకుపోతోందని ఆసుపత్రి నుంచి చీవాట్లు మొదలయ్యాయి. అప్పుడు కోడ్ తీసి చూశాను. తెర మొదటిసారి తెరుచుకున్నప్పుడు నడిచే కోడ్ ఒకటి, మరో పని చూసుకుని మళ్ళీ వచ్చినప్పుడు నడిచే కోడ్ ఇంకొకటి. ఫారంలో వివరాలు రాసే పెట్టె రెండింటికీ అందాలంటే దానికో పేరు పెట్టి, వాటికి బయట, పైన ఒక్కచోట ప్రకటించాలి. ప్రకటించాను కూడా. కానీ అలవాటు చొప్పున మొదటిదాని లోపల అదే పేరుతో మళ్ళీ కొత్తగా ప్రకటించాను. పెట్టె ఆ లోపలి పేరుకే దక్కింది, పైన ఉన్నది ఖాళీగా మిగిలింది. రెండో కోడ్ పైదాని కోసం వెతికి, ఏమీ దొరక్క కుప్పకూలేది. నేనెప్పుడూ ఫారం ఏకబిగిన నింపి పంపేదాన్ని కాబట్టి నాకది కనబడలేదు. ఒక్క మాట అదనం, అంతే. తీసేయడానికి రెండు క్షణాలు పట్టలేదు.

మేనేజర్ అందర్నీ గదిలో కూర్చోబెట్టి, "ఇంత పెద్ద తప్పు టెస్టింగ్‌లో ఎలా దాటిపోయింది?" అని బాబాయిని నిలదీశాడు. ఆయన నా వైపు ఒకసారి చూశారు. నేను నోరు మెదపలేదు. "ఫోన్‌లో లోపం అనుకున్నానండీ," అని మాత్రం అన్నారాయన. నా పేరెత్తలేదు. నెలాఖరుకి ఆయన కాంట్రాక్టు పొడిగించలేదు.

రెండు నెలలు తిన్నది ఒంటబట్టలేదు. ఒక ఆదివారం ఉదయం వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తీసిన పిన్ని గొంతు తగ్గించి, "వేరే కంపెనీవాళ్ళు పిలిచారమ్మా. వస్తారో లేదో రేపటిలోగా చెప్పమన్నారు. ఈయనేమో ‘నాకిక తప్పులు కనబడవు, ఎదురుగా ఉన్నదే పోల్చుకోలేకపోయాను, నేను వెళ్ళను’ అంటున్నారు. నువ్వైనా చెప్పు," అంది.

ఆయన ఉద్యోగం ఒక్కటే పోగొట్టాననుకుంటూ వచ్చాను. బాబాయి ఎదుట కూర్చుని జరిగిందంతా చెప్పేశాను.

"అంటే నేను చూసింది నిజమేనన్నమాట," అన్నారాయన. నాలుగు తిట్టినా బాగుండేది.

"మేనేజర్‌కి ఇప్పుడే రాస్తాను బాబాయ్," అని గబగబా టైపు చేసి ఫోన్ ఆయన చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని చదివారు.

"కోడ్‌లో పొరపాటు జరిగింది, టెస్టర్ ముందే చెప్పారు అని రాశావు. ఆ పొరపాటు ఎవరు చేశారో, ఎవరికి చెప్పానో ఇందులో లేదే అమ్మా."

నాకు తల కొట్టేసినట్టయింది. దిద్ది ఇచ్చాను. మళ్ళీ మొదట్నుంచీ చదివి, "నా ఫోన్ పాతదన్నావు చూడు, అది కూడా రాయి," అన్నారు. అదీ రాసి, ఆయన చూస్తుండగానే పంపాను.

బాబాయి కళ్ళజోడు తీయకుండానే పిన్ని వైపు తిరిగి, "ఆ కంపెనీవాళ్ళ నంబరు ఎక్కడ పెట్టావు?" అని అడిగారు.