తెల్లబూట్లు వేసుకున్న చెరకు

ఆ రోజుల్లో నాకు సైన్సు మీద ఎంత నమ్మకమంటే, పురుగుకి చేతనైంది నాకెందుకు చేతకాదనుకునేవాణ్ణి. అనకాపల్లిలో ఏడో తరగతి గట్టెక్కి (మార్కులు అడక్కండి) ఎనిమిదిలో అడుగుపెట్టాను. ఎండుటాకులా కనబడే సీతాకోకచిలుకలూ, పుల్లలా నిలబడే పురుగులూ ఎలా ప్రాణాలు దక్కించుకుంటాయో మాస్టారు పాఠం చెప్పారు. "రంగు కలిస్తే సగమేరా, కదలకపోతేనే బతుకు" అన్నారు. సరిగ్గా ఆ వారమే నన్ను విశాఖపట్నం హాస్టల్లో చేర్చాలని ఇంట్లో తీర్మానించారు.

పదకొండు గంటల బస్సు. ఆ రోజు చేరకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. అంటే బస్సు దాటిపోతే నేను బతికిపోయినట్టే! అమ్మ కొత్తబట్టలు తొడిగి అటు తిరగ్గానే మామయ్య చెరకుతోటలో దూరి, ఒంటినిండా ఎండాకులు కట్టుకుని గెడల మధ్య నిలబడ్డాను. మూరెడు దూరంలో కౌజుపిట్ట ఒకటి గుడ్లమీద కూర్చునుంది. అది రెప్ప వేసేదాకా మట్టిబెడ్డే అనుకున్నాను. తోడు దొరికిందని సంతోషించాను.

మా వైపు చెరకు ఎదిగాక గాలికి పడిపోకుండా నాలుగైదు గెడల్ని వాటి ఎండాకులతోనే కలిపి జడ చుడతారు. ఆ చుట్టే రోజు అదేనని నాకేం తెలుసు! మామయ్యా, ఆయన బావమరిదీ వచ్చారు. మామయ్య మూడు గెడలతో పాటు నన్నూ కలిపి చుట్టేశాడు. ఆకు అంచు మెడమీద కోసుకుపోతున్నా నేను కదల్లేదు. శాస్త్రం శాస్త్రమే.

"బావా, ఈ సెరుకేటి ఊపిరి తీత్తంది?" అన్నాడు బావమరిది.

"ఊపిరేటి, తెల్లబూట్లు కూడా ఏసింది" అన్నాడు మామయ్య తాపీగా.

హాస్టల్ కోసం అమ్మ కొన్న కాన్వాసు బూట్లు! (ఏ పురుగూ బూట్లతో దాక్కోదని మాస్టారు చెప్పలేదు మరి.) ఇంతలో మామయ్య కొత్త సెల్‌ఫోను మోగింది. అవతల అమ్మ.

"లేదే అక్కా, ఇంకా దొరకలేదు. ఎతుకుతున్నాను" అన్నాడు నా ఎదురుగా నిలబడి.

"అదేటి బావా, అబద్ధమాడేవు?"

"బస్సుకింకా టైముందిలే. కాసేపు దాక్కోనీ. రేపట్నుంచి ఈ సేలో దాక్కోడానికి ఎవుడొత్తాడు?"

మామయ్య నా భుజం మీంచి జారిన ఎండాకు మళ్ళీ సర్దాడు. అంతే, సైన్సంతా మరిచిపోయి భోరుమన్నాను. కట్లు విప్పుతుంటే ఆయన కాలు పిట్ట పక్కనే పడింది. అది మాత్రం కదల్లేదు. అది నెగ్గింది, నేను బస్సెక్కాను.

ఇప్పుడు ఆఫీసులో గోడరంగు చొక్కా వేసుకుని, మీటింగుల్లో కదలకుండా కూర్చుంటాను. ఎవరికీ దొరకను. మాస్టారు చూస్తే మెచ్చుకునేవారే. బూట్లు మాత్రం ఇప్పటికీ తెల్లవే కొంటాను, ఎవరైనా కిందికి చూస్తారేమోనని.