కోళ్ల గూటి మీద బీ.ఏ.

ఉన్న చదువును లేదని రుజువు చేయబోయి నేను పడ్డ అవస్థ చెబుతాను. మీరు నవ్వండి, పరవాలేదు.

అరవైల చివరి మాట. గజపతినగరం పక్కన మా ఊళ్లో మొదటి బీ.ఏ.ని నేనే. పాసైన వారంలోనే మా మేనమామ నీలకంఠం 'సింహాచలం, బీ.ఏ.' అని పెద్ద బోర్డు రాయించి తన వీధి గుమ్మానికి కొట్టేశాడు. కూతురు పైడమ్మను నాకే ఇస్తానని ఊరంతా చాటాడు.

రెండేళ్లయినా ఉద్యోగం రాలేదు. 'బీ.ఏ. బాబూ' అన్న నోళ్లే, "సదివి ఈడేటి ఊడబొడిసేడు?" అనసాగాయి. పిల్లల్ని బడి మాన్పించాలనుకున్న ప్రతివాడికీ నేనే సాకు. నా బోర్డు కోళ్ల గూటికి తలుపైంది. పైడమ్మకు వేరే సంబంధం చూస్తున్నారని విన్నాక నాకు ముద్ద దిగలేదు.

అప్పుడు తెలిసింది, గోనె మిల్లులో బేళ్లు మోసే పని ఉందని. ఒకటే షరతు: ఐదో తరగతి దాటినవాడు వద్దు. చదువుకున్నవాళ్లు అర్జీలు రాస్తారట!

"మూడో క్లాసని సెప్పేద్దాం. ఊరోళ్లతో నాను మాటాడతాను," అన్నాడు మావయ్య. "ఈ పనీ పోయిందంటే పిల్ల సంగతి మరిసిపో."

విచారణకు మిల్లు గుమాస్తా సైకిలు మీద దిగాడు. మావయ్య అరుగు దిగి, కోళ్ల గూటికి వీపానించి నిలబడ్డాడు.

"ఈ కుర్రాడు ఏపాటి చదివాడు?"

"ఈడికి సదువేటి బాబూ! గేదెల్ని లెక్కెట్టమంటే దూడల్ని ఒగ్గేస్తాడు!" అంది ఎదురింటి అప్పలమ్మ. చుట్టూ మూగినవాళ్లంతా అవునవునన్నారు. ఊరు మొత్తం ఒక్క మాట మీద నిలబడడం అదే మొదటిసారి. నాకు చెమటలు పడుతున్నా, లోపల ఎక్కడో రోషం కూడా పొడిచింది.

"సంతకమా, వేలిముద్రా?"

"సంతకం వస్తాది బాబూ!" అనేశాడు మావయ్య. ఆయనకూ రోషమే కాబోలు.

వంకరగా రాయడం నాలుగు రోజులు సాధన చేశాను. తీరా కలం పట్టాక చెయ్యి నా మాట వినలేదు. గిర్రున ఇంగ్లీషు సంతకం, దాని తోకగా బీ.ఏ.! రెండేళ్లుగా దరఖాస్తులన్నిటి మీదా పెట్టిన సంతకం అది.

గుమాస్తా కాగితం చూశాడు, నన్ను చూశాడు, మావయ్యను పక్కకు జరిపి గూటి తలుపు చదివాడు.

"మా ఇంట్లో ఇలాంటి బోర్డే కుడితి కుండ మీద మూతగా ఉంది," అన్నాడు మెల్లిగా. "నేనూ బీ.ఏ.నే. మిల్లులో మెట్రిక్ అని చెప్పుకున్నాను. ఇదిగో, ఇంకో కాగితం. తెలుగులో పెట్టు."

చేతులు జోడించాను. వంకర టింకరగా, అచ్చంగా మూడో తరగతివాడిలా 'సింహాచలం' అని రాశాను. అమ్మయ్య అని ఊపిరి వదిలి, అంతే వంకరగా పక్కన 'బీ.ఏ.' అని కూడా రాశాను.

"ఒరే! రెండేళ్లు ఎందుకూ కొరగాని బీ.ఏ.కి ఇయ్యాలే పనిబడిందేట్రా!" అని మావయ్య తల బాదుకున్నాడు.

"ఇదే ఆఖరు కాగితం," అన్నాడు గుమాస్తా.

మావయ్య పైడమ్మను కేకేసి కాటుక తెప్పించి, నా బొటనవేలికి పూసి, తన చేత్తోనే కాగితం మీద అదిమాడు.

ఉద్యోగం వచ్చింది. పెళ్లీ కుదిరింది. మావయ్య ముచ్చట ఆపుకోలేక బోర్డు కడిగించి పందిట్లో కట్టించాడు. సరిగ్గా తాళి కట్టే వేళకు మా మిల్లు మేస్త్రీ వచ్చి అది చదివాడు.

"ఈ బీ.ఏ. ఎవరండీ?"

మావయ్య తడుముకోలేదు. "ఈడి పేరే పెట్టుకున్న ఇంకో అల్లుడు బాబూ. పనీపాటా నేక తిరుగుతన్నాడు."

"పాపం!" అన్నాడు మేస్త్రీ నా వైపు తిరిగి. పెళ్లికొడుకుని కదా, నేనూ పాపమనే తలూపాను.

ఆ తాళి సాక్షిగా చెబుతున్నాను: ఈ జన్మలో మళ్లీ నా పేరు పక్కన ఒక్క అక్షరం రాయను. రాయాల్సిన అవసరమూ రాలేదనుకోండి. పదకొండేళ్లు హాజరు పుస్తకంలో వేలిముద్రే వేశాను.